రాని బండికి గంట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో రాని బండికి రోజూ గంట కొట్టే ముసలాయన ఒకడు ఉండేవాడు. ఆయన గురించి రాసి పెట్టాలని ఈమధ్యే గట్టిగా అనిపించింది. ఆదోని వైపు నుంచి వచ్చే చిన్న లైను మూతపడి ఎన్నో ఏళ్ళయింది. పాడుబడ్డ మా స్టేషనుకు ఇప్పుడు రంగులు వేసి, పాతకాలపు కట్టడమని బోర్డు పెట్టారు. నిలబడి రెండుసార్లు చదివాను. గోడల రాయి గురించి ఉంది, పైకప్పు పెంకుల గురించి ఉంది, గంట గురించి ఒక్క ముక్క లేదు. చిన్నప్పుడే బడి మానేసినా, ఎమ్మిగనూరు గ్రంథాలయంలో అరలకు అరలు చదివినదాన్ని. బోర్డులో లేనిది రాయడం నా వంతు అనుకున్నాను.

అవి డెబ్బైల నాటి రోజులు. మా నాయన చనిపోయాక అమ్మ కూలికి పోయేది. పొలాల్లో ఎవరి చేతికీ గడియారం ఉండేది కాదు. సాయంత్రం బండి కూత వినిపిస్తే కూలి ఆడవాళ్ళు నడుము ఎత్తి ఇంటిదారి పట్టేవాళ్ళు. రైతులు అడ్డు చెప్పేవాళ్ళు కాదు. అది ఊరి కట్టుబాటు. లైను మూసేశాక ఆ కట్టుబాటూ పోయింది. కూత లేదు కాబట్టి సాయంత్రమే కాలేదన్నట్టు, కళ్ళు కనిపించినంతసేపూ పని చేయించేవాళ్ళు. అమ్మ చీకటి పడ్డాక వచ్చేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక నేను స్టేషనుకు పోయి కూర్చునేదాన్ని.

స్టేషనూ నాలాగే ఒంటరిది. టికెట్ల కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టారు. పట్టాల మధ్య పల్లేరు మొలిచింది. గడియారం విప్పుకుపోయిన చోట గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ మిగిలింది. మిగిలిన మనిషి ఒక్కడే, ఇదివరకు బండ్లకు గంట కొట్టి జెండా ఊపిన తాత. భార్యాపిల్లలు లేరు. పోవడానికి చోటు లేక వెనక గదిలోనే ఉండిపోయాడు. మేమిద్దరం బెంచీకి చెరో చివర కూర్చుని, పెద్దగా మాట్లాడుకోకుండా ఖాళీ పట్టాలను చూసేవాళ్ళం.

ఒకరోజు ఆయనే అడిగాడు. "ఏం బేటీ, రోజూ ఎవురికోసం సూస్తాండావు?"

"అమ్మ కోసం. బండి కూస్తేనే పంపిస్తారంట తాతా. ఇంగ బండి రాదు కదా."

మర్నాడు చూస్తే ప్లాట్‌ఫారం మీద అడ్డంగా సున్నపు గీత ఉంది. బండి వచ్చే వేళకు దీపస్తంభం నీడ ఎందాకా సాగేదో ఆయనకు గుర్తుంది, అక్కడ గీశాడు. అవి కలుపుతీతల రోజులు. నీడ గీతను తాకగానే లేచి, స్టేషను గంటగా దూలానికి వేలాడే పట్టా ముక్కను సుత్తితో మోగించాడు. ఆ మోత నల్లరేగడి చేల మీదుగా చాలా దూరం పోయింది. ఆరోజు అమ్మ వెలుగుండగానే ఇంటికి వచ్చింది.

పత్తి తీసే కాలానికి ఒక చిక్కు వచ్చింది. చలి ముదిరేకొద్దీ నీడ గీతను ముందే తాకుతోంది. తాత గీతనే నమ్మాడు. పట్టాల పక్క చేను ఒక పెద్ద రైతుది. ఆయన అప్పుడే ఆదోనిలో చేతి గడియారం కొన్నాడు. ఒకరోజు గంట మోగగానే నేరుగా ప్లాట్‌ఫారం ఎక్కి వచ్చాడు.

"ఏమప్పా సాబూ, యాడుంది నీ బండి? నా గడియారంలో ఇంకా టైమే కాలేదు!"

"నీది కొత్త గడియారమన్నా. నాది పాత బండి. సలికాలంలో రోంత ముందే వస్తాది."

"ఎగతాళా? పత్తంతా నేల రాలతాంటే ఆడోళ్ళను ఇండ్లకు తోలతాండావే!"

"నేను యాడ తోలినాను? ఉత్త గంట కొట్టినాను."

రైతుకు నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున్నే జీతగాణ్ణి పంపి పట్టా ముక్కను దించుకుపోయాడు. ఆ సాయంత్రం నీడ గీతను తాకింది. మోగించడానికి ఏమీ లేదు. అమ్మ మళ్ళీ చీకట్లోనే వస్తుందని నాకు ఏడుపొచ్చింది. తాత గదిలోకి పోయి, మడతలు పడిన పచ్చజెండా తెచ్చాడు.

"పరిగెత్తి పో. ఈ పక్క ఒకపారి సూడమని మీయమ్మతో సెప్పు."

పచ్చజెండా ఊపితే బయల్దేరవచ్చని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నేను పరిగెత్తి చెప్పగానే చేలో ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఖాళీ ప్లాట్‌ఫారం చివర ఒక్కడే నిలబడి తాత జెండా ఊపుతున్నాడు. అందరిలోకి గొంతు పెద్దదైన సుంకమ్మ, "సిగ్నలు పడిందమ్మో, ఇంగ మన బండిని ఎవురాపుతారు!" అని అరిచింది. నవ్వుకుంటూ ఒడుల్లోని పత్తిని కుప్పలో పోసి, వరుసగా గట్టెక్కారు. రైతు అడ్డంగా నిలబడి గడియారం చూపించాడు.

"రేపు గూడా రావద్దంటావా అన్నా?" అని అమ్మ మెల్లగా అడిగింది.

చేనంతా తెల్లగా విచ్చుకుని ఉంది. ఆయన చెయ్యి దించి పక్కకు జరిగాడు.

పట్టా ముక్క తిరిగి రాలేదు. పత్తి అయిపోయేదాకా తాత జెండానే ఊపాడు. ఆ వేసవిలో ఒకరోజు పోయి చూస్తే గదికి తాళం ఉంది. ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేదు. వానలకు గీత చెరిగిపోయింది. ఆడవాళ్ళు మాత్రం ఆ వేళను వదులుకోలేదు, నీడ చూసుకుని వాళ్ళే లేచి వచ్చేవాళ్ళు. నేను కొన్నాళ్ళు బెంచీకి నా చివరే కూర్చున్నాను.

పెద్దయ్యాక గ్రంథాలయంలో సూర్యుడి నడక గురించిన పుస్తకం చదివాను. చలికాలంలో పొద్దు కిందికి వాలి నడుస్తుందట, నీడలు సాగుతాయట. గడియారం లెక్కన తాత గీత తప్పే. కానీ ఆ రోజుల్లో చీకటీ ముందే పడుతుంది. అమ్మ ఇల్లు చేరడానికి కావలసిన వెలుగును ఆ తప్పే మిగిల్చింది. ఆ సంగతి తాతకు తెలుసో లేదో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో నా కుట్టు దుకాణం గడప లోపల ఇప్పటికీ ఒక సున్నపు గీత ఉంటుంది. తలుపు నీడ దాన్ని తాకితే కత్తెరలు దించమంటాను. "గోడకు గడియారం ఉండాది కదక్కా!" అని అమ్మాయిలు ఆటపట్టిస్తారు. "అది నాకు, గీత మీకు" అంటాను.

ఇది రాయడానికి తమ జ్ఞాపకాలు ఇచ్చిన సుంకమ్మకు, ఆ చేలోనే పత్తి తీసిన మరియమ్మకు, రాసినది చదివి దిద్దిన ఖైరున్నీసాకు నా నమస్కారాలు. మేమంతా తాత అనే పిలిచిన ఆయన పేరు అమ్మకే తెలుసు, పోయేముందు నాకు చెప్పింది. మస్తాన్ సాబు తాతా, అమ్మ వెలుగుండగానే ఇంటికి వచ్చింది.