మోహనలోకి వచ్చిన నిషాదం

జగదల్‌పూర్‌లో పిల్లలకు సంగీతం చెబుతూ, అడిగినవాళ్ళకు బాణీలు కట్టి ఇస్తూ ఉంటాను. నిరుడు ఒక నాట్య బృందంవాళ్ళు వానాకాలం మీద నృత్యరూపకం తలపెట్టి, సంగీతం నన్ను చేయమన్నారు. ఎంత కూర్చున్నా పల్లవి కుదరలేదు. కట్టిన ప్రతిదీ ఇదివరకు కట్టినట్టే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇరవై ఏళ్ళ వయసులో కిరండూల్‌లో నేను ఇలాంటిదే ఒకటి చేశానని.

మా నాన్న అక్కడి ఇనుప గనిలో పనిచేసేవారు. కాలనీ ఆడవాళ్ళు వేసిన ఒక వరినాట్ల రూపకానికి నేనే బాణీలు కట్టి హార్మోనియం వాయించాను. నేను సొంతంగా చేసిన మొదటి పని అది. దాని రిహార్సల్ ఒక క్యాసెట్‌లో ఉండిపోయింది. పాత టేప్‌రికార్డర్‌కు బెల్టు మార్పించి విన్నాను.

మొదట నవ్వొచ్చింది. నేర్చుకున్నదంతా ఒకే పాటలో చూపించెయ్యాలన్న తొందర ప్రతి వరసలోనూ వినిపిస్తోంది. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వలేదు. రెండో చరణం దగ్గర మాత్రం టేపు ఆపాను. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. పాట మోహన రాగంలో ఉంది. మోహనలో నిషాదం ఉండదు. ఇక్కడ పై షడ్జం నుంచి ధైవతానికి దిగుతూ, దారిలో ఆ స్వరాన్ని మెత్తగా తాకి వెళ్ళాను. తప్పు మెట్టు నొక్కానేమో అనుకుందామంటే చరణం చివర మళ్ళీ అక్కడికే వెళ్ళాను. పైగా పాటంతటిలో బాగున్నది ఆ ఒక్క చోటే.

అప్పటికి నేను రాగం గీత దాటే రకాన్ని కాను. మా గురువుగారు వింటే ఊరుకునేవారు కూడా కాదు. మరి ఎందుకు చేశాను? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పల్లవి సంగతి మర్చిపోయి ఈ స్వరం వెంట పడ్డాను.

ఆ పాట పాడినావిడను అడుగుదామనిపించింది. ఆమెది మద్దేడ్, ఇక్కడి బీజాపూర్ దాటాక వచ్చే తెలుగు పల్లె. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. అక్కకు పురుడు వస్తే సాయానికని కిరండూల్ వచ్చి, అక్కాబావల క్వార్టర్‌లో ఏడాది ఉంది. మా పక్క క్వార్టరే కాబట్టి స్నేహమైంది. ఆమెకు పెళ్ళయ్యాక రాకపోకలు తగ్గి, తర్వాత ఆగిపోయాయి. ఆ అక్క కూతురు ఇప్పుడు బచేలిలో ఉంటోంది. ఆ అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. నా గొంతు పోల్చుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఫోన్‌లో పాటలేంది, ఇంటికి రమ్మంది.

బీజాపూర్ మీదుగా వెళ్ళే బస్సులో మద్దేడ్ చేరాను. ఆమె రోడ్డు మీదికే వచ్చి నిలబడింది. జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే.

"ఏంది అక్కా, ఇన్నేండ్లకు ఫుర్సత్ దొరికిందా?" అని నా చేతిలో సంచి అందుకుంది.

అన్నాలు తిన్నాక ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఆ పాట వినిపించాను. పిట్టలా పాడేదాన్ని కదా అని ఆమె మురిసిపోయింది. ఆ చోటు రాగానే ఆపి, ఈ స్వరం ముందు నువ్వు పాడితే నేను వాయించానా అని అడిగాను. ఆమెకు ప్రశ్నే వింతగా తోచింది. తనకు స్వరాలు తెలియవనీ, పెట్టె ఎటు పోతే గొంతు అటు పోయిందనీ చెప్పింది. మళ్ళీ విన్నాను. నిజమే. హార్మోనియం ఒక రవ్వ ముందు వెళ్తోంది, గొంతు దాని వెనక వస్తోంది. అంటే నేనే వేశాను.

మరి నాకెక్కడిది? ఇద్దరం కాసేపు ఆలోచించి వదిలేశాం. మాటలు పిల్లల మీదికి, పత్తి చేల మీదికి మళ్ళాయి.

ఇంతలో లోపల ఆమె మనవరాలు లేచి ఏడ్చింది. ఆమె వెళ్ళి చీర ఉయ్యాలను ఊపుతూ ఏదో కూనిరాగం తీయసాగింది. మాటలు లేవు. ఊ అంటూ పైకి వెళ్ళి, అక్కడ ఆగి, నెమ్మదిగా దిగడం. ఆ దిగడంలో నిషాదం ఉంది. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"ఇదేం పాట?" అని అడిగాను.

"పాటేంది అక్కా, పిల్ల పండుకునేదాక తీసే రాగం. మా అక్క బిడ్డకు తీసినప్పుడు నువ్వు పక్కనే పెట్టె వాయించుకుంట కూసునెటిదానివి కాదా?"

నాకు ఆ మధ్యాహ్నాలు కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె అక్క పడుకుని ఉండేది. ఈమె ఉయ్యాల ఊపేది. నేను హార్మోనియం తెచ్చుకుని గోడకానుకుని బాణీలు కట్టుకునేదాన్ని, బిడ్డ లేవకుండా మెల్లిగా. ఆ రాగం ఎప్పుడు నా వేళ్ళలోకి వచ్చిందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, వాళ్ళమ్మ తీసేదని చెప్పింది. అమ్మ నడుమ నడుమ అక్కడి దొర్లవాళ్ళ భాష దొర్లిలో మాటలు కలిపేదట, తనకు ఆ మాటలు రావు గనక ఊ అని ఊరుకుంటుంది. అంతకు ముందు ఎవరు తీశారో అడిగితే, "గంత దూరం నాకేమెరుక?" అంది. ఆ దూరం ఎంతో తెలుసుకోవాలని నాకు ఇంకా ఉంది.

ఆమె అనుమతి అడిగి ఆ రాగాన్ని రికార్డు చేసుకున్నాను. పాప నిద్రపోయేదాకా, మూలుగులతో సహా.

జగదల్‌పూర్ వచ్చాక పల్లవి తొందరగానే కుదిరింది. పాత బాణీలోంచి అలంకారాలన్నీ తీసేశాను. పై షడ్జం మీద నిలిచి, నిషాదం మీదుగా దిగడంతోనే పాట మొదలుపెట్టాను. రాగం పేరేమిటని శిష్యులు అడిగారు. మోహన అనలేను, ఇంకోటీ అనలేను.

కట్టినది ఆమెకు పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"మంచిగనే ఉంది. గాని గింత ఉరుకుతె పిల్ల పండుకోదు."

వేగం తగ్గించాను. నాట్యం చేసేవాళ్ళు, ఇంత నెమ్మదైతే అడుగులు నిలపడం కష్టమని కొంచెం సణిగారు. నాలుగైదు సార్లు చేశాక, నాట్లు వేసేవాళ్ళు వంగి లేచే తీరు ఇప్పుడే వచ్చిందని వాళ్ళే అన్నారు. ప్రదర్శనకు ఆమె కోడలితో, మనవరాలితో వచ్చి ముందు వరసలో కూర్చుంది. పాట మొదలవగానే కోడలు అత్త వైపు తిరిగి, ఈ రాగం ఎవరిదని కాబోలు, ఏదో అడిగింది. ఆమె నన్ను చూపించింది. నేను వేదిక మీద హార్మోనియం దగ్గరి నుంచే ఆమెను చూపించాను.