వీరుడి భుజం మీది మఖమలు

మా నాయనది తెక్కలకోటలో బట్టల అంగడి. పొట్లాలు కట్టడానికి బళ్ళారి నుంచి తెప్పించే పాత కాగితాల్లో ఒకసారి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు వచ్చాయి. ముసుగు వేసుకొని మేడల మీదినుంచి దూకే వీరుడి కథలు. నేను ఎస్సెల్సీ చదువుతున్నాను. ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వని వయసు. ఆ వయసు నాకింకా దాటలేదు. పుస్తకం చదవాలంటే వీరుడికి ఒక కొత్త ఉడుపు చెప్పాలని తరగతిలో షరతు పెట్టాను.

మొదట బేరానికి వచ్చినవాడు దర్జీ కొడుకు.

“గుండీ ల్యా, కాజా ల్యా. ఈయప్ప దీన్ని ఎట్ల తొడుక్కుంటాడు, ఎట్ల ఇప్పుతాడు?”

“మన ఎండకి దాంట్లో ఉడికిపోతాడు లే,” అన్నాను.

అలా మొదలైంది. ఎండాకాలానికి పలచటి మల్లుగుడ్డ, వానాకాలానికి గొర్రెబొచ్చు కంబళి. ఎవడో పంచె కట్టించమన్నాడు. దూకితే ఊడిపోతుందని దర్జీ కొడుకు ఒప్పుకోలేదు. బొమ్మలు గీసేది వాడే. రంగులు లేవు కనుక గుడ్డముక్కలు మైదా బంకతో అతికించేవాళ్ళం. ముక్కలు తేవడం నా వంతు. అవి అంగడిలో మిగిలిపోయినవని వాడితో చెప్పాను.

మా అంగడిలో గుడ్డ కొలిచాక నాలుగు వేళ్ళు ఎక్కువ వదిలి కోయడం మర్యాద. ఆ కొసరును, కొనే గిరాకీ కళ్ళముందే వదలాలి. నాయన కోసిన గుడ్డను మడతపెట్టి కట్టేది నేను. కట్టేముందు ఆ నాలుగు వేళ్ళూ కోసుకునేవాణ్ణి. అమ్మినదాంట్లోంచి కాదు, ఊరికే ఇచ్చినదాంట్లోంచే కదా తీస్తున్నానని నా న్యాయం.

కాలవ కింద వరి పండించే కోస్తా రైతుల క్యాంపు నుంచి ఒకాయన వచ్చి, కూతురి జాకెట్లకని నెమలికంఠం రంగు మఖమలు కొన్నాడు. తానులో అదే ఆఖరు. మిగిలిన నాలుగు వేళ్ళూ నాయన కొసరుగా వదిలేశాడు.

కొన్నాళ్ళకు ఆయన దర్జీ దగ్గర జాకెట్లు తీసుకుంటున్నప్పుడు నేనక్కడే బల్ల మీద కూర్చున్నాను. మిగిలిన ముక్కేదని అడిగితే, ఏమీ మిగల్లేదన్నాడు దర్జీ. రైతు చూపు మిషను వెనక గోడ మీదికి పోయింది. అక్కడ దర్జీ కొడుకు అంటించిన మా వీరుడి బొమ్మ, భుజాల మీద నెమలికంఠం మఖమలుతో.

“మరి అదేవిటయ్యా? కొసరు నా కళ్ళముందే వదిలారు. ఆ రంగు ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు.”

“దేవుని తోడు, నాకు తెలీదు సామీ.”

“బానే ఉంది. నీ గోడకున్నది నీకే తెలీదు. మా క్యాంపు బట్టలు ఇక సిరుగుప్పలో కుట్టించుకుంటాంలే.”

దర్జీకి సగం పని ఆ క్యాంపుదే. మిషను పక్కనున్న దర్జీ కొడుకు నా వైపు చూశాడు. నేను లోపల బేరమాడుకుంటున్నాను. నోరు విప్పితే మా అంగడి పేరు పోతుంది, విప్పకపోతే దర్జీది. మా అంగడి పెద్దది. ఊరుకున్నాను.

రైతు వెళ్ళాక దర్జీ ఆ ముక్కను ఊడదీసి, అంచు వేలితో తడిమాడు.

“ఇది నా కత్తెర కోసింది కాదు. నా కత్తెర ఇట్ల పీకదు.” ఆ మాట కొడుకుతో కాదు, నాతో అన్నాడు.

“మా అంగడికొచ్చే గిరాకీలందర్నీ నీ దగ్గరికే పంపిస్తా మామా.”

“నీ గిరాకీ నాకొద్దప్పా. కోసింది నువ్వేనని మీ నాయనకి చెప్పు, సాలు.”

చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా క్యాంపు మూటలు కొన్ని కుట్టకుండానే దర్జీ దగ్గర్నుంచి తిరిగి వెళ్ళిపోయాయి. నాయన మీటరు కడ్డీ కింద పెట్టి విన్నాడు. కొడతాడనుకున్నాను.

“ఎంతమందివి కోసినావు?”

బొమ్మలు పదిహేడు ఉన్నాయి. “ఈ ఒకటే నాయనా,” అన్నాను.

ఆ మాట పట్టుకొని నాయన బస్సెక్కి క్యాంపుకు పోయి, రైతు ముందు తలవంచుకొని వచ్చాడు. రైతు మర్యాదస్థుడు. మరుసటి సంతరోజు వచ్చి, తొందరపడ్డానని నలుగురి ముందూ దర్జీతో అన్నాడు. పని తిరిగి వచ్చింది.

దర్జీ కొడుకు మాత్రం, నాయన లేని వేళ చూసి, మిగతా బొమ్మలన్నీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“వీటి సంగతి మీ నాయనకి నువ్వే చెప్పుకో. నేను గీసింది గీతలే.”

నేను ఎవరికీ చెప్పలేదు. మా అంగడి గుడ్డ ఎవరు తెచ్చినా దర్జీ అప్పటినుంచి వాళ్ళ ముందరే కొలిచి తీసుకునేవాడు. నాయన అది రోడ్డవతల నుంచి రోజూ చూసేవాడు. ఎందుకలా కొలుస్తున్నాడని నన్ను ఎన్నడూ అడగలేదు.