నేను తీసిన మంచి ఫోటో

చేతిలో ఫోన్ ఉంటే నేను మామూలు మనిషిని కాదు. కరీంనగర్ దగ్గర మరమగ్గాల మీద బతికే ఇంట్లో పుట్టి, డిగ్రీ అయ్యాక ఆసిఫాబాద్‌లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో చేరాను. పనల్లా ఒక్కటే. ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లను వాళ్ల పాత ఇంటి ముందు నిలబెట్టి, ఫోటో తీసి, యాప్‌లో ఎక్కించాలి. ఆ ఇల్లు ఉండడానికి పనికొస్తుందో లేదో ఫోటో చూసి పైవాళ్లు తేలుస్తారు. నేనేమో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లకు ఏమీ తీసిపోనని అనుకునేవాణ్ణి. వెలుగు చూసుకునేవాణ్ణి, నీడ చూసుకునేవాణ్ణి. "వీనికి జీతం తక్కువ, షోకులెక్కువ" అని మా బాపు ఊరికే అనలేదు.

ఆ ఎండాకాలం చివర అడవి అంచున ఒక గోండు గూడేనికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మ దరఖాస్తు పెట్టుకుంది. ఆమె ఇంటికి మట్టి పూసిన వెదురు తడకలే గోడలు, పైన పెంకులు. వెనక గోడ బయటికి ఒరిగిందని, ఈ వానలకు ఆగదని గూడెం పటేల్ ఫోన్లో చెప్పాడు. "రేపొస్తున్న, అందరు తయారుండాలె" అని హుకుం జారీ చేశాను, జిల్లాలో కలెక్టర్ తర్వాత నేనే అన్నట్టు.

వాళ్లు నిజంగానే తయారయ్యారు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఆ గూడెంలో గోడలు పూయకుండా ఉండరు. ఆడవాళ్లంతా కలిసి ఎర్రమట్టి, పేడ కలిపి బీటలన్నీ మూసేశారు. మగవాళ్లు వెనక గోడకు వాసంతో ఊతం పెట్టారు. ముసలమ్మ ఉతికిన చీర కట్టుకుని "రామ్ రామ్ సారూ" అని చేతులు జోడించింది. ఆ పెద్దమనిషి నేనే అయినందుకు లోపల ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు మొహం చెల్లదు.

"ఎనుక గోడ తియ్యవా సారూ?" అని పటేల్ అడిగాడు.

వెనక్కి వెళ్లి చూశాను. ఎండ ఎదురుగా కొడుతోంది. అక్కడ ఫోటో బాగా రాదు. "నా పని నాకు తెలుసు పటేలా, ఫికర్ చెయ్యకు" అని ముందుకు వచ్చేశాను. తడి ఆరని ఎర్రగోడ పక్కన ఆమెను నిలబెట్టి తీశాను. ఎంత బాగా వచ్చిందంటే, యాప్‌లో ఎక్కించి ఊరుకోక వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

నెల తిరక్కముందే దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఇల్లు మంచి స్థితిలో ఉందట, అర్హత లేదట. ఆ గోడ కూలిపోతుందని మా ఆఫీసు సారు దగ్గర మొత్తుకున్నాను. ఆయన ఫోటో తెరిచి నా వైపు తిప్పాడు.

"నువ్వే చూడు. గీ ఇల్లు కూలుతదంటే ఎవడన్న నమ్ముతడా?"

చూశాను. నాకే నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ ఎక్కించాలంటే పైనుంచి అనుమతి రావాలన్నాడు.

అనుమతి కన్నా ముందు వానలు వచ్చాయి. వాగు పొంగి గూడేనికి కొన్నాళ్లు దారి లేదు. చివరికి అనుమతి వచ్చి నేను వెళ్లేసరికి వెనక గోడ పడిపోయి, దానితో పాటు సగం పైకప్పు కూడా కూలి ఉంది. తడకలు విరుగుతున్న చప్పుడు విని ముసలమ్మ బయటికి ఉరికిందట, దెబ్బలేమీ తగల్లేదు. అప్పటినుంచి పక్కింటివాళ్ల పశువుల కొట్టంలో, ఎద్దుల పక్కన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పడుకుంటోంది.

నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. తప్పు నాదని చెప్పాల్సింది. కానీ చేతనైన విద్య ఫోటోలు తీయడమొక్కటే కాబట్టి ఫోన్ తీశాను. నేను అడగకుండానే ఆమె వెళ్లి పగిలిన పెంకుల మధ్య నిలబడింది. ఒకసారి వెనక్కి తిరిగి, మిగిలిన గోడను కింది నుంచి పై దాకా చూసింది.

"ముంగటి గోడ ఇంక నిలవడే ఉన్నది సారూ. గింత పడితే సరిపోతదా? లేకుంటే గా గోడ గూడ పడగొట్టమంటవా?"

ఆమె ఎగతాళి చేయడం లేదు, నిజంగానే అడుగుతోంది. పటేల్ అప్పటికే గడ్డపార తెచ్చుకుని, నా మాట కోసం ఆ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.