మంచం కింది చదువు

శ్రీకాకుళం జిల్లాలో మెడలో గొట్టం వేసుకున్న డాక్టరన్నవాడెవడైనా సరే, మా మామ్మ తవిటమ్మ దగ్గర పాసయ్యాకే జనం ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. అలా చట్టం లేదంటే అది చట్టం చేసేవాళ్ళ తెలివితక్కువతనం. మామ్మకి సంతకం రాదు, ఆసుపత్రి హాజరు పుస్తకంలో ఇన్నేళ్ళూ వేలిముద్రే వేసింది. అయితేనేం, ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన నాకంటే, పెద్ద చదువు చదివిన గణపతిరావు డాక్టరుగారి కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. నాకంటే ఎక్కువ తెలియడం గొప్పేమీ కాదనుకోండి.

ఎవరో జమీందారు ఎప్పుడో కట్టించిన పన్నెండు మంచాల ఆసుపత్రిలో మామ్మ ఆయా. రోగుల ఒళ్ళు తుడవడం, దొడ్డికి తీసుకెళ్ళడం, గంజి తాగించడం ఆవిడ పని. డాక్టర్లను తూకం వెయ్యడం మాత్రం ఎవరూ చెప్పకుండా తనే నెత్తికెత్తుకున్న పని. ఆ తూకానికి ఒక్కటే రాయి: మోకాలు వంగుతుందా, వంగదా? ఇరవై ఏళ్ళలో తొమ్మిదిమంది వచ్చారట. తొమ్మిదిమందీ కర్రలే.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో పదోవాడుగా గణపతిరావు దిగాడు. ఇస్త్రీ పంట్లాం నలగదు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి నడిచేవాడు, గోరింటాకు ఇంకా ఆరలేదన్నట్టు. బల్ల మీద పెట్టిన కాఫీ చల్లారేలోపు పన్నెండు మంచాలూ చుట్టొచ్చేవాడు. మంచం కాళ్ళవైపు మేకుకి తగిలించిన కాగితం చదవడం, ఏదో ఒక మణికట్టు పట్టుకోవడం, మళ్ళీ ఆ కాగితం మీదే గీకడం. రోగి మొహం చూస్తే మైల పడిపోతాడేమో!

"ఆ బాబు రోగుల కోసం రాడే. కాగితాలకి దండవెట్టుకుని పోడానికొస్తాడు" అనేది మామ్మ తోటి ఆయాలతో.

ఆ రోజుల్లోనే నౌపడ ఉప్పుమళ్ళల్లో పనిచేసే కూర్మయ్య టైఫాయిడ్‌తో ఏడో నంబరు మంచంలో చేరాడు. తోడుగా బావమరిది లక్ష్ముడు. ఒకరోజు పొద్దున్నే మామ్మ బాల్చీ పట్టుకుని వచ్చేసరికి మంచం మీద లక్ష్ముడు కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. కూర్మయ్య మంచం కింద, చాప మీద ఉన్నాడు.

"ఒరే, మంచం మీద నువ్వేట్రా?"

"మా బావ ఇంక దక్కడు మామ్మా. మంచం మీద పేణం పోతే దోసం కదా, అందుకే రేత్రి కిందకి దించీసినాను."

"దించితే దించినావు. నువ్వెందుకెక్కినావు?"

"కాళీగా అవుపడితే ఇంకోలకి ఇచ్చెత్తారని..."

బస్సులో సీటుకి తువ్వాలు వేసినట్టు, మంచానికి తనని తనే వేసుకున్నాడు మహానుభావుడు! మామ్మ నాలుగు తగిలిద్దామనుకునేలోపే డాక్టరు వచ్చేశాడు. కాగితం చదివాడు. లక్ష్ముడి మణికట్టు పట్టుకున్నాడు. చల్లటి ఒళ్ళు, ఎద్దులాంటి నాడి.

"భేష్! జ్వరం దిగిపోయింది. ఇంజక్షన్లు ఆపెయ్యండి. రేపు పంపించెయ్యొచ్చు."

లక్ష్ముడు నోరు తెరవలేదు. ముందురోజు ఏదో అడగబోతే డాక్టరు నోరు ముయ్యమన్నాడు, వీడు ముయ్యమన్న నోరు మూసే ఉంచాడు.

"బాబూ, ఆడు కాదు..." అంది మామ్మ.

"నీ బాల్చీ నువ్వు చూసుకో" అనేసి డాక్టరు ఎనిమిదో నంబరుకి వెళ్ళిపోయాడు.

మామ్మ వంగి కూర్మయ్య నుదురు ముట్టుకుంది. పెనంలా కాలుతోంది. పెదాలు ఉప్పుమడిలా తెల్లగా పగిలిపోయాయి. మందు ఆపి రేపు బండెక్కించేస్తే ఊరు చేరేది శవమే. ఆవిడ మాటా చెల్లదు, లక్ష్ముడి మాటా చెల్లదు. ఆ గదిలో చెల్లుబాటయ్యేది కాగితం ఒక్కటే. మామ్మ దాన్ని మేకు మీంచి తీసి, చీర చెంగు చింపి, కూర్మయ్య ముంజేతికి కట్టేసింది.

పంపించేసే ముక్క రాయడానికి డాక్టరు మళ్ళీ ఏడో నంబరుకి వచ్చాడు. మేకు బోసిగా ఉంది.

"కాగితం ఏదీ?"

"రోగి కాడున్నాది బాబూ."

"రోగి ఇక్కడే ఉన్నాడుగా!"

లక్ష్ముడు లేచి చేతులు కట్టుకున్నాడు. "నేను రోగిని కాదు బాబూ. మంచం కాస్తన్నాను."

మామ్మ మంచం కిందకి వేలు చూపించింది. కాగితం కోసం డాక్టరు వంగక తప్పలేదు. ఇస్త్రీ మడత చిట్లింది. కాగితం అందుకోబోయిన చేతికి కూర్మయ్య చెయ్యి తగిలింది. అంతే, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదురా?" అని లక్ష్ముడి మీద అరిచాడు.

"తమరు అడగనేదు."

ఇంజక్షన్‌కి కేకేసి డాక్టరు లేవబోతుంటే మామ్మ తడిగుడ్డ చేతిలో పెట్టింది. "కూకోండి. మందు ఒచ్చీలోగా ఒళ్ళు తుడవండి." ఆయన పిండితే సగం నీళ్ళు గుడ్డలోనే ఉండిపోయాయి.

"ఇన్నేళ్ళు సదివినారు, గుడ్డ పిండడం నేర్పనేదేటి? నాలుక సూడండి, ఎండిపోనాది. రేత్రి నుండి ఎంత గంజి తాగినాడో ఆ కాగితం సెప్తాదా? దానికి దాహమేస్తాదేటి బాబూ?"

ఆయన గుడ్డ మళ్ళీ పిండి తుడిచాడు. మూడోనాటికి కూర్మయ్య కళ్ళు తెరిచి గంజిలో ఉప్పు చాలలేదన్నాడు. అతన్ని మళ్ళీ మంచం ఎక్కించమంటే లక్ష్ముడు దోషమంటూ నసిగాడు. మామ్మ చీపురు తీశాక ఆ దోషం కాస్తా వదిలింది.

ఆ తర్వాత గణపతిరావు రోజూ అరగంట ముందే, కోటు వేసుకోకుండా వచ్చేవాడు. మామ్మ వెనకాలే తిరిగి, ముందు మనిషిని ముట్టుకుని, తిండీ నిద్రా అడిగి, చివరికి కాగితం చదివేవాడు. గుడ్డ మటుకు ఆఖరి దాకా సరిగ్గా పిండలేకపోయాడట. అందుకని సగం మార్కులే.

నేనిది రాస్తున్నంతసేపూ మామ్మ పక్క మంచం మీంచి ఏదో గొణుగుతూనే ఉంది. ఆవిడ గొణుగుడికేం, రోజూ ఉండేదే! అంతా పూర్తిచేసి, గొంతు సవరించుకుని, మొదటినుంచీ చదివి వినిపించాను.

"డాక్టర్లకే పాఠం చెప్పిన పంతులమ్మవని రాశాను. ఎలా ఉంది మామ్మా?"

"పొద్దుట్నుండి కాళ్ళు లాగుతన్నాయని మొత్తుకుంతన్నాను, ఇన్నావేట్రా గుంటడా? నువ్వూ కాగితమే సూస్తన్నావు. అది అవతల పడీసి కాళ్ళట్టు."