ఉత్తుత్తి పెళ్లిలో ఏడుపు పాట

మా తండాలో పెళ్లికూతురు అత్తగారింటికి బయల్దేరే రోజు ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాట పాడుతూ ఏడవాలి. ఢావ్లో అంటాం దాన్ని. పెళ్లికి ఎన్నో రోజుల ముందు నుంచే పెద్ద ఆడవాళ్లు నేర్పుతారు. అందరి వంతూ అయ్యాక చివరికి అమ్మ. ఆమె కూడా పాటలోనే దీవించి పంపుతుంది. నేను అందరి దగ్గరా పాడాను గానీ, మా అమ్మ మెడ పట్టుకుని పాడలేదు.

ఎనభైల మొదట్లో, నాకు పదిహేనేళ్లప్పుడు, జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. నిజాంసాగర్ చూడడానికి వచ్చే పట్నం వాళ్లను ఇకమీదట మా తండాకూ తీసుకొస్తారట. మా అద్దాల కుట్లు, ఆటా పాటా చూపిస్తారట. వాళ్లు రావడం మొదలైతే బాన్సువాడ దాకా రోడ్డు దానంతటదే పడుతుందట. మాటలు కోటలు దాటాయి గానీ ఆయన జీపు మా వాగు దాటలేదు. చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చాడు పాపం.

మొదట వచ్చేవాళ్లకు మా పెళ్లి ఉత్తుత్తిగా చేసి చూపించాలన్నారు. పెళ్లికూతురిగా నన్ను ఎంచారు. నా గొంతు మంచిదని అందరికన్నా ఎక్కువగా నాకే తెలుసు. పరుగున ఇంటికెళ్లి మా యాడికి చెప్పాను. అమ్మను మేం యాడీ అని పిలుస్తాం. ఆమె లంగాకు అద్దం కుడుతోంది. తల ఎత్తలేదు.

"ఎవరినన్న పట్టుకొని ఏడువు. నన్ను పట్టుకోకు."

"ఉత్తగనే కదా యాడీ!"

"ఉత్తగ ఏడ్చేది కాదది. నువ్వు నిజంగ పొయ్యేనాడు నా మెడ పట్టుకొని ఏడువు. గప్పటిదాంక నా వంతు దాచిపెట్టు."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు లేకుంటే పెండ్లి ఆగుతదా?" అన్నాను. అని, పోయి మా చిన్నమ్మను అమ్మ స్థానంలో నిలబెట్టాను.

పట్నం వాళ్లు వచ్చిన రోజు చిన్నమ్మ మెడ పట్టుకుని గొంతెత్తి పాడాను. ఆమెకు నవ్వు ఆగక కొంగులో మొహం దాచుకుంది. చూసేవాళ్లు ఏడుస్తోందనుకుని ఫొటోలు తీశారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. యాడి మా గుడిసె ముందు నిలబడి అంతా చూసింది. ఎలా ఉంది అన్నట్టు నేను తల ఎగరేశాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ పోయినవాళ్లు మళ్లీ రాలేదు. జీపూ రాలేదు, రోడ్డూ పడలేదు.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో యాడికి జ్వరం వచ్చింది. మూడో రోజు ఎడ్లబండిలో బాన్సువాడ దవాఖానకు బయల్దేరాం. వాగు పొంగుతోంది. తగ్గేదాకా ఒడ్డునే ఆగాం. ఆమె తల నా ఒళ్లో ఉంది. అక్కడే పోయింది.

ఆ మరుసటి ఏడాది నా పెళ్లి. వరుసగా అందరి మెడా పట్టుకుని ఏడ్చాను. అమ్మ వంతు వచ్చేసరికి చిన్నమ్మ వచ్చి నా ముందు నిలబడింది. ఆ రోజు నేను ఆమెను నిలబెట్టిన చోటే. ఈసారి ఆమె నవ్వలేదు. "నువ్వు లేకుంటే పెండ్లి ఆగుతదా" అన్న నా మాటే నా చెవుల్లో మోగింది. ఆగలేదు మరి.

"ఏడువు బిడ్డా. మీ యాడిది గూడ నాకే ఇయ్యి," అంది చిన్నమ్మ.

నోరు తెరిచాను. పాట రాలేదు. చిన్నమ్మ నన్ను హత్తుకుని, నా బదులు తనే పాడి పంపింది.

ఉత్తుత్తిగానైనా సరే, ఒక్కసారి యాడి మెడ పట్టుకుని పాడాలని ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది. దాచిపెట్టమంది కదా. ఇంకా నా దగ్గరే ఉంది.