ఎలుకలు కొరికిన పులి

గోదారమ్మ మీద ఒట్టు, నా కుంచె మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం.

నేను ఖమ్మంలో దుకాణాల బోర్డులు రాస్తాను. మొన్న వేసవిలో భద్రాచలం అడవివైపు కోయగూడెం నుంచి ఒక పెద్దాయన కబురు పెట్టాడు. ఆయన వేల్పుల కథ పాడేటప్పుడు, ఆ కథ బొమ్మలున్న గుడ్డ జెండాను పక్కన ఎత్తి పట్టాలి. దాన్ని పడిగె అంటారు. అందులో ఒక జంతువును ఎలుకలు కొరికేశాయి. పాటలో దాని పేరు పలకరాదట, బొమ్మ ఎవరికీ గుర్తులేదు. నేను వెళ్లేసరికి మర్నాడే జాతర. బొమ్మ లేకుంటే పాట లేదు.

"పడిగె పక్కన పండు అల్లుడా, అదే కలల కొస్తది" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. లేచేసరికి పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఏమొచ్చింది?"

"పులి."

"గంతగనం గురక పెట్టిండు, కల ఎప్పుడు కన్నడో!" అంది ఆయన భార్య.

నాకు రోషమొచ్చింది. "ఎడమ కాలు కుంటుతోంది కూడా" అన్నాను.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "పాటల గూడ గదే కాలు."

కుంటి పులినే గీశాను. జాతరలో ఆయన గొంతెత్తి పాడాడు.

ఇక ఒప్పుకుంటాను, నాకు ఏ కలా రాలేదు. పులి నేను అల్లిందే, కుంటికాలూ నేను తగిలించిందే. మరి అంతకుముందు నేనెన్నడూ వినని పాటలోకి ఆ కాలు ఎలా వెళ్లిందో, ఎంత తల గోక్కున్నా తెలియడం లేదు.