తోక!

మా పిన్ని కుట్టుమిషన్ను నోటిమాటతో నడుపుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. "తోక!" అని ఒక్క కేక వేస్తే చాలు, సూది గుర్రంలా పరిగెడుతుంది. నమ్మకపోతే మా వీధిలో ఎవరినైనా అడగండి. నాకంటే ఎక్కువే చెబుతారు. నేను కాస్త తగ్గించి చెప్పే మనిషిని.

ఈ కేకకు కారణం బొత్తాం. బొత్తాం అంటే పిన్ని కుక్క. కంటి చుట్టూ గుండ్రటి నల్లమచ్చ, ఎవరో దారంతో కుట్టినట్టే ఉండేది. పధ్నాలుగేళ్ళూ దాని మకాం మిషను కిందే. తల గోడవైపు, తోక సరిగ్గా పెడలు కింద. పిన్ని కాలు పెట్టేముందు "తోక!" అనేది. అది తోక లాక్కునేది. మిషను కదిలేది. ఆగి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ "తోక!"

కొత్తవాళ్ళకు ఇదెలా తెలుస్తుంది? ఒకసారి ప్యాంటు పొడవు తగ్గించుకోవటానికొచ్చిన గుమాస్తాగారికి రోషం వచ్చింది.

"ఎవర్నండీ తోక అంటున్నారు?"

"మిమ్మల్ని కాదు సార్, కింద కూర్చున్నవాణ్ణి."

"కింద కూర్చున్నది మా బావమరిదండీ!"

మొన్న వానల్లో బొత్తాం నిద్రలోనే పోయింది. పిన్ని ఏడవలేదు. మిషను మీద దుప్పటి కప్పి, ఎవరి గుడ్డలు వాళ్ళకు పంపేసింది. నెల గడిచింది. బాబాయి బతిమాలాడు. పక్కింటి అత్తయ్య కుక్కపిల్లను తెస్తానంది.

"వద్దొదినా. ఆ మాట అనకుండా కాలు పెట్టలేను. అంటే, లాక్కోటానికి తోక లేదు" అని, నావైపు తిరిగింది. "ఒరేయ్, పాత మిషన్లు కొనేవాణ్ణి పిలుచుకురా."

ఇరవైరెండేళ్ళు కుట్టిన చెయ్యి! అది ఆగిపోతే పిన్ని పిన్నిలా మిగలదని మాకందరికీ తెలుసు. కానీ ఆమె మాట కాదనే మొనగాడు మా వంశంలో పుట్టలేదు. వెళ్ళాను. అతన్ని వెంటబెట్టుకుని వచ్చేటప్పుడు దారిపొడుగునా ఆ మిషన్ను తిట్టిపోశాను. దారం తెంపుతుందన్నాను, మొరాయిస్తుందన్నాను, ఒక్కోసారి కరుస్తుందని కూడా అన్నాను. అతను చెవిన వేసుకుంటేగా!

ఇంట్లోకి వచ్చాడు, దుప్పటి లాగాడు, చక్రం తిప్పి చూశాడు. పిన్ని వంటగది గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. అతను స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. కిర్రుమంది. కాలెత్తి పెడలు మీద పెట్టబోయాడో లేదో,

"తోక!"

ఇల్లు అదిరింది. అతను నిలువెత్తు ఎగిరి, గుడ్డముక్కల మూట మీద వెల్లకిలా పడ్డాడు.

"ఏం తోకమ్మా? పామా? ఎక్కడ? ఎక్కడ?"

పిన్ని గబగబా వచ్చి మిషను కిందికి వంగి చూసింది. ఉత్త నేల, రెండు దారప్పోగులు. ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే భోరుమంది. బాబాయి హడావుడిగా నీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తోచక తనే తాగేశాడు.

"లేవయ్యా, దెబ్బ తగిలిందా?" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ.

"నాకేం కాలేదు గానీ, మిషను సంగతి..."

"అమ్మను. వాడు లేకపోయినా ఆ మాట వచ్చేసింది. వస్తే రానీ, అంటూనే కుడతా."

అతను తోక ముడిచాడు. మేము చప్పట్లు కొట్టాం. పిన్ని ఆ పూటే మిషనెక్కింది చూడండీ! "తోక! తోక!" అంటూ చీకటి పడేలోగా ముప్ఫైరెండు చొక్కాలు కుట్టి పడేసింది! సూది ఎర్రగా కాలిపోతుంటే బాబాయి చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు!

ఇదంతా రాసి పిన్నికే చదివి వినిపించాను. ఆమె పంటితో దారం తెంపి, తలెత్తకుండా అంది:

"ముప్ఫైరెండూ లేదు, మూడూ లేదు. ఆ రోజు ఒక్క దిండు గలీబు కుట్టాను. అదీ వంకరగా వచ్చింది."